బ్రాంకాచి చాపెల్: అంగీల రంగు నిలిచింది, చెట్ల ఆకులు రాలాయి. ఎందుకు?

గోడబొమ్మ:

ఫ్లారెన్స్‌లో సాంతా మరియా దెల్ కార్మినే చర్చి లోపలి బ్రాంకాచి చాపెల్ గురించి అడుగుతున్నాను. అక్కడి గోడల మీద పేతురు కథలను వేయడం 1420లలో చిత్రకారులు మసోలినో, మసాచో మొదలుపెట్టారు. ఆగిపోయిన పనిని 1480లలో ఫిలిప్పీనో లిప్పీ పూర్తిచేశాడు. ఆ గోడల ఫొటోలను బాగా పెద్దవి చేసి చూస్తే మూడు సందేహాలు వచ్చాయి.

ఒకటి. మత్తయి 17లోని పన్ను కథ, అదే చేప నోట్లో షెకెలు దొరికే ఘట్టం. అందులో అపొస్తలుల ముఖాలు, అంగీలు నిక్షేపంగా ఉన్నాయి. వెనక కొండల మీద చెట్లు మాత్రం మోడులు. గోడ అదే, కాలం అదే, మరి ఈ తేడా ఏమిటి? వేరే చాపెళ్లలో మరియమ్మ నీలి వస్త్రం కూడా ఇలాగే మచ్చలుగా లేచిపోయి కనిపిస్తుంది.

రెండు. రోజుకు ఎంత గోడ అని ఎలా తేల్చుకునేవారు? అతుకులు ఎక్కడ దాచేవారు?

మూడు. 40 × 40 సెం.మీ. పలక మీద ఒక తల, వెనక కాస్త నీలాకాశం అదే పద్ధతిలో వేయాలంటే పాళ్లు ఎంత, ఏది ఎంతసేపు? యాక్రిలిక్ సలహాలు మాత్రం వద్దండి.

పరంజా:

రెండో ప్రశ్నతో మొదలుపెడితే మొదటిది సగం తేలిపోతుంది.

అసలు ఫ్రెస్కోలో జిగురు ఉండదు. రంగుపొడిని ఉత్త నీళ్లతో నూరి తడి సున్నపు పూత మీద వేస్తారు. సున్నం ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని తిరిగి కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి అవుతుంది. పూతలోని సున్నపు తేట పైకి ఊరి అక్కడ రాయిగా మారేటప్పుడు రంగు రేణువులు అందులో చిక్కుకుంటాయి. రంగు గోడ మీద ఉండదు, గోడలో ఉంటుంది. ఇదంతా పూత తడి ఆరకముందే జరగాలి. కాబట్టి ఆ రోజు పూర్తిచేయగలిగినంత మేరకే చివరి పూత పూసేవారు. ఆ ఒక్కో ముక్క పేరు జోర్నాత.

ముక్క ఎంత పెద్దదన్నది కొలతను బట్టి కాదు, పని బరువును బట్టి. ఒక తలకు ఒక రోజు పట్టవచ్చు. ఉత్త ఆకాశమైతే అదే రోజులో దానికి పదింతల గోడ అయిపోతుంది. మీరు చెప్పిన పన్ను చిత్రం సుమారు 6 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. అందులో 32 జోర్నాతలు లెక్కతేలాయి. పక్కనే ఆదాము హవ్వలను ఏదెను నుంచి వెళ్లగొట్టే సన్నని చిత్రానికి నాలుగే. రెండు నగ్న దేహాలు నాలుగు రోజుల్లో! మసాచో చెయ్యి ఎంత వేగంగా నడిచిందో ఊహించుకోండి.

పని పైనుంచి కిందికి సాగుతుంది. కింద ముందు వేస్తే పైన పూత పూసేటప్పుడు సున్నపు నీళ్లు కారి ఆరిన రంగు మీద తెల్లటి చారలు పడతాయి, అవి తుడిస్తే పోవు. సాయంత్రానికి రంగు పడకుండా మిగిలిన పూతను తాపీతో కోసి పారేస్తారు. ఆ కోత నిట్టనిలువుగా ఉండకూడదు, బయటికి ఏటవాలుగా ఉండాలి. మర్నాటి పూత ఆ వాలును కొద్దిగా కప్పుతూ కూర్చుంటుంది. అలా కూర్చోబట్టే ఇప్పుడు గోడకు పక్కనుంచి దీపం పెడితే ఏ ముక్క ముందు, ఏది తర్వాత అన్నది చదవగలుగుతున్నాం. ఏది పైకి ఎక్కిందో అది తర్వాతిది.

అతుకును ఆకారం అంచు వెంట తిప్పుతారు: జుట్టు అంచు, అంగీ మడత, స్తంభం గీత, కొండ గీత. చెంప మీదుగానో, విశాలమైన ఆకాశం నడిమినో కోస్తే దాచడం కష్టం. ఒకే అంగీ రెండు రోజులకు విడిపోవాల్సి వస్తే మొత్తానికి సరిపడా రంగు మొదటి రోజే కలిపి నీళ్ల కింద దాచాలి. మర్నాడు కంటితో చూసి కలిపితే ఎప్పటికీ కలవదు. తడి రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరాక బాగా తేలుతుంది.

బొమ్మ దించుకోవడం గురించి కూడా. గరుకు పూత మీద ఎర్రమట్టితో వేసే నమూనా (సినోపియా) కూర్పు చూసుకోవడానికి పనికొస్తుంది గానీ, చివరి పూత పడగానే ముక్క ముక్కగా కప్పుకుపోతుంది. పదిహేనో శతాబ్దం నడిమికి వచ్చేసరికి పూర్తి సైజు కాగితపు నమూనా వాడకం పెరిగింది. గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి బొగ్గుపొడి మూటతో అద్దడం ఒక దారి. కాగితం మీద నుంచే మొనదేలిన పుల్లతో నొక్కి తడి పూతలో గాడి పడేలా చేయడం రెండోది. రోమ్‌లో మైకెలాంజెలో వేసిన సిస్టీన్ చాపెల్ కప్పు (1508–12) మీద రెండూ కనిపిస్తాయి. కట్టడాల గీతలకు మాత్రం తాడు కొట్టేవారు. సాంతా మరియా నోవెల్లాలో మసాచో వేసిన త్రిత్వం చిత్రంలో గీతలన్నీ కలిసే బిందువు దగ్గర మేకు గుర్తు దొరికింది.

సున్నపుతేట:

మూడో ప్రశ్నకు నేను. పాళ్లన్నీ ఘనపరిమాణంలో, తూకంలో కాదు.

సున్నం: కాల్చిన సున్నాన్ని నీళ్లలో చల్లార్చి, నీళ్ల కింద నిలవ ఉంచిన ముద్ద కావాలి. కనీసం ఆరు నెలలు నిలవైతే మేలు, ఏడాది దాటితే ఇంకా మేలు. నిలవ కొద్దీ రేణువు సన్నబడి ముద్ద వెన్నలా జారుతుంది, పగుళ్లు తగ్గుతాయి. సంచుల్లో వచ్చే పొడి సున్నం తడిపి అప్పటికప్పుడు వాడితే పూత బలహీనం. నీటితో గట్టిపడే రకం సున్నం అసలు వద్దు, పైకి సున్నపు తేట తగినంత రాదు. సిమెంటు, జిప్సం కలపకండి. రెండూ సల్ఫేట్ లవణాలను మోసుకొస్తాయి.

ఇసుక: కడిగినది, పదునైన అంచులున్నది. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, వద్దు. గుప్పిట్లో నలిపి నీళ్లలో వేస్తే నీళ్లు బురదగా మారాయంటే ఇంకా కడగాలి.

ఆధారం: కాల్చిన మట్టి పలక, గరుకు ముఖంతో. నున్నగా ఉంటే చెక్కి గాట్లు పెట్టండి. ముందు రోజు రాత్రంతా నీళ్లలో ఉంచాలి.

గరుకు పూత (అర్రిచ్చో): సున్నం 1, ముతక ఇసుక 2.5 నుంచి 3. మందం సుమారు 10 మి.మీ. మీ పలకకు సుమారు 1.6 లీటర్ల ఇసుక, 0.6 లీటరు ముద్ద సరిపోతాయి. నీళ్లు దాదాపు అక్కర్లేదు, ముద్దలో ఉన్న తడే చాలు. ఎంతసేపు కలిపితే అంత మంచిది. చేతికి పొడిగా అనిపించే మిశ్రమం దంచగా దంచగా జిగటగా మారుతుంది. పూశాక చెక్క తాపీతో రుద్ది గరుకుగా వదిలేయండి. మూడు నాలుగు వారాలు ఆరనివ్వండి. మొదటి మూడు రోజులు రోజూ కాస్త నీళ్లు చల్లాలి.

చివరి పూత (ఇంతోనాకో): సున్నం 1, అర మి.మీ. జల్లెడ దిగిన సన్న ఇసుక 1.5. సగం ఇసుకకు బదులు పాలరాతి పొడి వేస్తే తెలుపు పెరుగుతుంది. మందం 3 నుంచి 5 మి.మీ. 0.6 లీటరు ఇసుక, 0.4 లీటరు ముద్ద. దీన్ని ఒకేసారి కాకుండా రెండు దఫాలుగా, మొదటిది కాస్త బిగిశాక రెండోది వేయండి. దీనికి ముందు గరుకు పూతను రాత్రి ఒకసారి, పూయడానికి గంట ముందు ఒకసారి బాగా తడపాలి. ఇక్కడ బద్ధకిస్తే అంతా పోయినట్టే. పొడి గరుకు పూత పైపూతలోని తడిని లాగేసి మీకు ఎనిమిది గంటలకు బదులు రెండు గంటలే మిగులుస్తుంది.

రంగు ఎప్పుడు మొదలుపెట్టాలి? వేలు నొక్కితే అచ్చు పడాలి గానీ వేలికి సున్నం అంటకూడదు. ఎండ, గాలి లేని చోట 20 డిగ్రీల దగ్గర పూసిన గంట, గంటన్నరకు ఆ స్థితి వస్తుంది. అంతకు ముందే మొదలుపెడితే కుంచె సున్నాన్ని లేపి రంగు పాలలో కలిపినట్టు అయిపోతుంది. మొదటి గంటలో పలుచని నీటి రంగుతో నీడలు, గీతలు మాత్రమే వేయండి. నాలుగో గంట తర్వాత పూత రంగును గబగబా తాగడం మొదలుపెడుతుంది. ముఖం ముగింపు ఆ వేళకు ఉంచుకోవాలి. కుంచె ఈడ్చినట్టు అనిపించి, గీత వేసిన వెంటనే మసకబారిందంటే ఆపేయండి. ఆ తర్వాత వేసింది ఆరాక వేలికి పొడిగా వస్తుంది.

ముఖానికి 1400 ప్రాంతాన చిత్రకారుడు చెన్నీనో చెన్నీని రాసిపెట్టిన క్రమం ఇప్పటికీ మంచి దారి. పచ్చమట్టి రంగు పలుచగా అడుగున వేసి, దాని మీద చర్మపు రంగును ముదురు, మధ్యరకం, లేత అని మూడు గిన్నెల్లో ముందే కలుపుకోవాలి. నీడ అంచుల్లో అడుగు పచ్చను కాస్త కనిపించనివ్వాలి. తెలుపుకు సున్నమే: తెల్లటి సున్నాన్ని ఎనిమిది రోజులు రోజూ నీళ్లు మార్చి కలియబెట్టి, బిళ్లలుగా చేసి ఎండబెట్టి నూరుకోవాలి. రంగు ఆరాక ఎలా ఉంటుందో చూసుకోవడానికి పక్కన పొడి ఇటుక పెట్టుకుని దాని మీద చుక్క వేయండి. ఇటుక నీటిని క్షణాల్లో పీల్చేసి ఆరిన రంగును చూపిస్తుంది.

చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే ముందు ధారగా నీళ్లతో కడగాలి, ఆలస్యం లేకుండా వైద్యుడికి చూపించాలి.

జేగురు:

మొదటి ప్రశ్న. జవాబు చిన్నదే: మీ చెట్ల ఆకులు తడి పూత మీద వేసినవి కావు. కొండ, ఆకాశం, మాను తడి పూత మీదే వేసి, ఆకులను మాత్రం ఆరాక జిగురు కలిపిన రంగుతో పైనుంచి అద్దారు. జిగురు చచ్చిపోయింది, ఆకు రాలిపోయింది. చెట్టు పాపం నిజంగానే మోడైంది.

ఎందుకలా అద్దారన్నది రంగుల స్వభావంలో ఉంది. తడి సున్నం ఘాటైన క్షారం. దాన్ని తట్టుకునేవి ఎక్కువగా మట్టి రంగులే: జేగురు, పసుపు మట్టి, పచ్చమట్టి, గోధుమ మట్టి, బొగ్గు నలుపు. పైన చెప్పిన చెన్నీనోయే తడి గోడకు పనికిరానివి కూడా జాబితా ఇచ్చాడు: హరితాళం, ఇంగిలీకం, అజురైట్, సిందూరం, సీసపు తెలుపు, చిలుము పచ్చ, లక్క. మాట వినకపోతే ఏమవుతుందో అస్సీసీలో సెయింట్ ఫ్రాన్సిస్ పై చర్చిలో కనిపిస్తుంది. చిత్రకారుడు చిమబూయే వాడిన సీసపు తెలుపు నల్లబడి, శిలువ చిత్రంలో వెలుగు పడాల్సిన చోట చీకటి, చీకటి ఉండాల్సిన చోట వెలుగు అయింది. ఫొటో నెగెటివ్‌లా ఉంటుంది.

నీలం సంగతి వేరే గొడవ. అజురైట్ రాగి ఖనిజం. సన్నగా నూరితే రంగు వెలిసిపోయినట్టు ఉంటుంది, ముతకగా ఉంటేనే నిండు నీలం. ముతక రేణువును సున్నపు పొర పట్టి ఉంచలేదు. తడి, లవణాలు తగిలితే పచ్చగానూ మారుతుంది. అందుకని తడి పూత మీద ముందు ఎర్ర గోధుమ లేదా బూడిద రంగు వేసి, ఆరాక దాని మీద జంతు జిగురుతో అజురైట్ వేసేవారు. గుడ్డు పచ్చసొన కలిపితే దాని పసుపు నీలాన్ని పచ్చగా చూపుతుంది కాబట్టి నీలానికి జిగురే. మరియమ్మ వస్త్రం ఇప్పుడు ఎర్రగానో నల్లగానో మచ్చలుగా కనిపిస్తే మీరు చూస్తున్నది ఆ అడుగు రంగు.

లాపిస్ లాజులి నుంచి తీసిన నీలం సున్నాన్ని తట్టుకుంటుంది. సమస్య ధర. సిస్టీన్ తుది తీర్పు (1536–41) వెనక ఉన్న ఆ నీలం లాపిస్సే. ఖర్చు పోపుది కాబట్టి గోడంతా పరిచారు. మామూలు చాపెల్‌లో డబ్బు పెట్టే కుటుంబంతో ఒప్పందంలో ఏ నీలం, ఎక్కడ అన్నది ముందే రాసుకునేవారు.

ఇదే జరిగిన ఇంకోటి, ఈసారి సంతోషించే రకం: బ్రాంకాచి ఆదాము హవ్వలకు పదిహేడో శతాబ్దంలో మర్యాద కోసం ఆకులు చుట్టారు. అవీ ఆరిన గోడ మీద వేసినవే. అందుకే 1980ల శుద్ధిలో మసాచో రంగుకు దెబ్బ తగలకుండా తీసేయగలిగారు.

కాబట్టి సూత్రం: రాలిందంటే పొడిపూత, నిలిచిందంటే తడిపూత.

చెమ్మగోడ:

జేగురు గారూ, చివరి వాక్యం మాత్రం ఒప్పుకోను. తడిపూత కూడా రాలుతుంది.

గాలిలోని గంధకపు వాయువులు, గోడలోని చెమ్మ కలిస్తే పైపొరలోని కాల్షియం కార్బొనేట్ జిప్సంగా మారుతుంది. జిప్సంకు చోటు ఎక్కువ కావాలి. రంగును పట్టుకున్న పొరే ఉబ్బి పొడిగా రాలుతుంది. గోడ అడుగునుంచి ఎక్కే నైట్రేట్ లవణాలు కూడా ఆరినప్పుడల్లా పొర వెనక స్ఫటికాలై తోస్తాయి. 1966 నవంబరు 4 నాటి ఆర్నో వరద తర్వాత ఫ్లారెన్స్ చర్చిల్లో జరిగింది ఇదే. నీళ్లు దిగాక, గోడలు ఆరుతుండగా నష్టం మొదలైంది. అప్పట్లో చాలా ఫ్రెస్కోలను గోడనుంచి ఒలిచేశారు. ఒలవకుండా బాగుచేసే దారి చూపింది రసాయన శాస్త్రవేత్త ఎంజో ఫెర్రోని, పునరుద్ధరణ చేసే దీనో దీని: ముందు అమ్మోనియం కార్బొనేట్ పట్టీలతో జిప్సంను తిరిగి కార్బొనేట్‌గా మార్చడం, తర్వాత బేరియం హైడ్రాక్సైడ్ పట్టీలతో మిగిలిన సల్ఫేట్‌ను కరగని బేరియం సల్ఫేట్‌గా కట్టేసి పొరను గట్టిపరచడం. పొడిపూతగా వేసిన అజురైట్ ఉన్నచోట ఆ క్షార ద్రావణాలతో చాలా జాగ్రత్త అవసరం.

బ్రాంకాచిలో ఇంకో కారణం నిప్పు. 1771లో చర్చి కాలింది. వేడి తగిలితే పసుపు మట్టిలోని నీరు పోయి అది ఎర్రబారుతుంది. అంటే పాత మంట తగిలిన ఏ గోడ మీదైనా ఎరుపు చూసి చిత్రకారుడు ఎరుపే వేశాడని తీర్మానించకూడదు.

తడా పొడా తేల్చడానికి నేను నమ్మేది అతుకునే. పక్కనుంచి వెలుగు పెట్టి జోర్నాత అతుకును పట్టుకోండి. రంగు అతుకు దగ్గర ఆగి అవతల వేరే చేతితో మొదలైనట్టు ఉంటే తడిపూత. అతుకు మీదుగా, ఆగకుండా కుంచె గీత సాగిపోతే అది రెండు ముక్కలూ ఆరాక వేసినది. అరెజ్జోలో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా గోడల మీద ఇది కూడా అంత తేలిక కాదు. పూత త్వరగా ఆరకుండా తడి గుడ్డలు కప్పేవాడు, ఆ నేత గుర్తులు పూతలో పడ్డాయి. దాంతో ఒక్కో ముక్క మీద ఎక్కువ సమయం దొరికింది, పైగా పొడిపూత ముగింపులు కూడా చేశాడు.

జేగురు:

అవును, సూత్రమని తొందరపడి అన్నాను. "రాలిన ఆకారం కచ్చితంగా ఆకు అంచునో వస్త్రం అంచునో అనుసరిస్తే పొడిపూత, అంచులతో సంబంధం లేకుండా మచ్చలుగా పాకితే గోడ జబ్బు" అంటే ఒప్పుకుంటారా?

చెమ్మగోడ:

చాలావరకు. మచ్చ కిందనుంచి పైకి పాకిందా, కప్పునుంచి దిగిందా అన్నది కూడా చూడండి.

గోడబొమ్మ:

అందరికీ ధన్యవాదాలు. రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. పలక ఆరాక రంగు మీద తెల్లటి పొర కమ్ముతుందని చాలాచోట్ల చదివాను. అది వస్తే కారణం ఎలా పట్టాలి? నా ఆకాశానికి అజురైట్ కొంటే జిగురు ఎంత?

సున్నపుతేట:

తెల్ల పొర మూడు రకాలు. శుద్ధజలంలో ముంచిన దూది ఉండను ఒక మూల మీద మెల్లగా అద్దండి. కరిగిపోయి, ఆరాక మళ్లీ పుట్టుకొస్తే లవణం. ఇసుకో, పలకో, కుళాయి నీళ్లో కారణం. నీటికి చెక్కుచెదరకపోతే కార్బొనేట్ ముసుగు. పూత మరీ నీళ్లగా ఉందనో, రంగు వేస్తూ నీళ్లు ఎక్కువ వాడారనో అర్థం. దూదికి రంగే అంటుకుని వస్తే ఆలస్యంగా వేశారు, ఆ రంగు పొరలో చిక్కుకోలేదు.

మొదటి రెండింటిలాంటి చిక్కు పెద్ద పనుల్లోనూ వచ్చింది. సిస్టీన్ కప్పు మీద జలప్రళయం వేస్తుండగా బూజులా తెల్లగా పూసింది. రోమ్‌లో ఇసుకకు బదులు వాడే అగ్నిపర్వతపు మట్టి, పొజొలానా, సున్నంతో మరీ పలుచగా కలిపినందువల్ల అని జూలియానో దా సాంగాల్లో అనే కట్టడశిల్పి చెప్పాక మిశ్రమం సర్దుకుని పని కొనసాగించారు.

వెంట్రుకవాసి పగుళ్లు కూడా అడుగుతారేమో: సున్నం పాలు ఎక్కువైనా, 5 మి.మీ. దాటినా, గాలి తగిలినా వస్తాయి. పూసిన మొదటి గంటలో కనిపిస్తే తాపీ వెనకభాగంతో గట్టిగా నొక్కితే మూసుకుంటాయి. రంగు పడ్డాక ఇక ముట్టుకోవద్దు.

జేగురు:

100 మి.లీ. నీటికి 6 నుంచి 8 గ్రాముల జంతు జిగురు. రాత్రంతా నానబెట్టి, మరగనివ్వకుండా వేడినీటి గిన్నెలో పెట్టి కరిగించండి. ఎక్కువైతే ఆరేటప్పుడు బిగిసి అడుగు పొరను పెంకుల్లా లేపుతుంది. తక్కువైతే రుద్దగానే పొడి వస్తుంది. గోరువెచ్చగా ఉండగానే, ముతక అజురైట్‌తో కలిపి రెండు మూడు పలుచని పూతలు. రేణువు గిన్నె అడుగుకు దిగిపోతుంది కాబట్టి కుంచె ముంచిన ప్రతిసారీ కలపాలి.

తొందరపడి మర్నాడే వేయకండి. పలక నెల రోజులు ఆరాలి. సున్నం ఇంకా పచ్చిగా ఉంటే జిగురు చెడుతుంది, బూజు పడుతుంది. ఆకాశం కింద తడిపూతలోనే ఎర్రమట్టి, కాస్త బొగ్గు నలుపు కలిపి వేసి ఉంచుకోవడం మరవద్దు. తెల్ల పూత మీద నేరుగా వేసిన అజురైట్ పేలవంగా ఉంటుంది, రెట్టింపు రంగు తాగుతుంది.